జో టీ గార్సియాస్‌కు వెళ్ళే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఫోర్ట్ వర్త్ నగరం, నార్త్ కామర్స్ వీధి. అక్కడ 1935 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న మెక్సికన్ రెస్టారెంటు జో టీ గార్సియాస్. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే తెలుగువాళ్ళు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనో, అత్తమామలనో వెంటబెట్టుకుని ఏదో ఒక శనివారం అక్కడికి వెళ్తారు. తిరుగుప్రయాణంలో కారులో సగంమంది పొగుడుతుంటారు, సగంమంది పెదవి విరుస్తుంటారు. తోట బాగుందన్న విషయంలో ఎవరికీ పేచీ ఉండదు. తగవంతా కంచం దగ్గరే. ఆ రెండు వర్గాలూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

అంత పేరున్న చోటు కదా, తిండి అంత గొప్పగా ఉంటుందా?

గొప్పగా ఉంటుందని మాట ఇచ్చి మిమ్మల్ని పంపను. బాగుంటుంది. కొత్త రుచి కోసం, నాలుక అదిరే ఘాటు కోసం వెళ్ళేవారికి మాత్రం చప్పగా అనిపిస్తుంది. అక్కడ వడ్డించేది పాతకాలపు టెక్స్-మెక్స్, అంటే టెక్సస్ మెక్సికన్ల భోజనం: పసుపుపచ్చ చీజ్, జీలకర్ర వాసన, మెత్తగా ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు, ఎర్రటి అన్నం. తొంభై ఏళ్ళుగా వస్తున్నవారికి ఆ రుచి మారకపోవడమే కావాలి. మనవాళ్ళు మెచ్చుకునే తోట, ఆ తీరిక, మనవాళ్ళు విసుక్కునే ఆ చిన్న మెనూ, ఆ తగ్గిన కారం, అన్నీ ఆ ఇంటివారి ఒకే పట్టుదలలోంచి వచ్చాయి: ఉన్నదాన్ని మార్చకపోవడం. ఆ పట్టుదల మీకు ముచ్చటగా తోస్తే సాయంత్రం హాయిగా గడుస్తుంది. తోచకపోతే చిప్స్ దగ్గరే మొహం ముడుచుకుంటుంది.

ఆ కుటుంబం కథ ఏమిటి?

1935 జులై 4న జో టీ గార్సియా, ఆయన భార్య జెస్సీ కలిసి ఒక చిన్న హోటలు తెరిచారు. అందులో పదహారు మంది కూర్చోవచ్చు. మెక్సికన్ వంటకాలతో పాటు బార్బెక్యూ కూడా అమ్మేవారు. దగ్గరలోనే స్టాక్‌యార్డ్స్, అంటే పశువుల సంత, దాన్ని ఆనుకుని ఆర్మర్, స్విఫ్ట్ కంపెనీల మాంసం కర్మాగారాలు ఉండేవి. 1903లో మొదలైన ఆ కర్మాగారాల్లో పనిచేసేవారికి, సంతకు వచ్చేవారికి అది చేతికందే దూరంలో ఉన్న భోజనం.

1953లో జో చనిపోయాక జెస్సీ గారు, పిల్లలు వ్యాపారాన్ని నిలబెట్టారు. కూతురు హోప్ లాంకార్టే, ఆ తర్వాత ఆమె సంతానం దాన్ని పెద్దది చేశారు. ఇల్లు ఇల్లుగానే ఉండగా దాని చుట్టూ ఒక్కో స్థలమూ కలుపుకుంటూ తోటలు, నీటి ఫౌంటెన్లు, నీడనిచ్చే అరుగులు కట్టుకుంటూ పోయారు. ఇప్పుడు ఒకేసారి వెయ్యిమందికి పైగా కూర్చోవచ్చు. ఆర్మర్ కర్మాగారం 1962లో, స్విఫ్ట్ 1971లో మూతపడ్డాయి. వాటి కూలీలకు అన్నం పెట్టిన వంటిల్లు మాత్రం నడుస్తూనే ఉంది.

1998లో, అమెరికాలో రెస్టారెంట్లకు, వంటవారికి పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ 'అమెరికాస్ క్లాసిక్స్' అనే పురస్కారాన్ని మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ఒక ఊరి గుర్తుగా నిలిచిన స్థానిక భోజనశాలలకు ఇచ్చేది అది. ఆ మొదటి ఏడాదే జో టీకి దక్కింది. ఆ పేరు చూసి ఐదు నక్షత్రాల భోజనం ఊహించుకుని వెళ్ళకండి.

మెనూ కార్డు ఇవ్వలేదు! మమ్మల్ని పట్టించుకోలేదా?

అలా అనుకున్నవారు చాలామంది ఉన్నారు. పట్టించుకోకపోవడం కాదు. దశాబ్దాల పాటు అక్కడ రాత్రి భోజనమంటే రెండే మాటలు: ఎంచిలాడాల భోజనమా, ఫహీతాలా? మొదటిది చెబితే చీజ్ నాచోలు (చీజ్ కరిగించిన మొక్కజొన్న చిప్స్), చీజ్ ఎంచిలాడాలు (పలుచని రొట్టెలో చీజ్ చుట్టి పైన గ్రేవీ పోసినవి), గొడ్డుమాంసం టాకోలు (మడిచిన రొట్టెలో మాంసం కూరినవి), అన్నం, చిక్కుడు గింజలు, గ్వాకమోలే (అవకాడో పచ్చడి), టోర్టియాలు (ఆ పలుచని రొట్టెలే) వరసగా బల్ల మీదికి వస్తాయి. రెండోది చెబితే కోడిమాంసమో గొడ్డుమాంసమో ఉల్లిపాయలతో కాల్చి, సుయ్యిమంటున్న ఇనుప పెనం మీద తెస్తారు. మధ్యాహ్నం పూట ఎంపిక ఎక్కువ. వారాంతాల్లో ఉదయం పూట గుడ్డుతో చేసే వంటకాలూ ఉంటాయి. ఇప్పుడు ఏ పూట ఏమేమి ఉన్నాయో బయలుదేరే ముందు చూసుకోవడం మంచిది, ముఖ్యంగా ఇంట్లో పట్టింపులున్న పెద్దలు ఉంటే.

నన్నడిగితే రెండే వంటకాలు ఉండటం హాయి. పది మంది బంధువులు ఇరవై పేజీల కార్డు ముందేసుకుని అరగంట చర్చించుకోవడం చూసినవారెవరైనా ఒప్పుకుంటారు.

మా ఇంట్లో శాకాహారులు ఉన్నారు. ఏం తినాలి?

ఈ ప్రశ్నకు పొట్టి జవాబు ఇస్తే మోసం చేసినట్టే. జో టీ అనే కాదు, పాత పద్ధతిలో వండే ఏ మెక్సికన్ రెస్టారెంటుకైనా వర్తించే సంగతులు చెబుతాను.

మాంసం ముక్క కనబడకపోతే శాకాహారమే అనుకోవడం మనకు అలవాటు. అక్కడ మాంసం ముక్కల్లో ఉండదు, రసంలోనూ కొవ్వులోనూ ఉంటుంది. ఎర్రటి అన్నాన్ని చాలాచోట్ల కోడిమాంసం ఉడికించిన నీళ్ళతో వండుతారు. మెదిపిన పింటో చిక్కుళ్ళకు పాతకాలపు వంటలో పందికొవ్వే తాలింపు. గోధుమ టోర్టియా పిండిలోనూ కొందరు అదే కొవ్వు కలుపుతారు. చీజ్ ఎంచిలాడా లోపల చీజే ఉన్నా, పైన పోసే ఎర్రటి గ్రేవీలో గొడ్డుమాంసమో దాని రసమో ఉండవచ్చు. మా చుట్టాల్లో ఒక పెద్దావిడ వేరొక రెస్టారెంటులో ఆ అన్నాన్ని మన టమాటా అన్నంలా ఉందని మెచ్చుకుంటూ రెండోసారి వడ్డించుకున్నాక అసలు సంగతి తెలిసింది. ఆ సాయంత్రం ఇక ఎవరమూ ఏమీ తినలేదు.

అందుకని "వెజిటేరియన్ ఉందా?" అని అడగకండి. ఉందనే చెబుతారు, అది వాళ్ళ లెక్కలో అబద్ధమూ కాదు. ఒక్కో వస్తువు పేరు పెట్టి అడగండి: అన్నంలో కోడి రసం ఉందా, చిక్కుళ్ళలో పందికొవ్వు ఉందా, గ్రేవీలో మాంసం ఉందా, టోర్టియా దేనితో చేశారు? కొన్నిచోట్ల కొవ్వు లేకుండా ఉడికించిన చిక్కుళ్ళు విడిగా ఉంటాయి. నల్ల చిక్కుళ్ళు అలా దొరకడం ఎక్కువ. ఎంచిలాడాలను ఎర్ర గ్రేవీ బదులు టొమాటియో అనే పుల్లటి ఆకుపచ్చ కాయల సాసుతో ఇవ్వమని అడగవచ్చు, అదీ మాంసరసం లేదని తేల్చుకున్నాకే. మొక్కజొన్న టోర్టియాలో మామూలుగా మొక్కజొన్న, సున్నం, నీళ్ళు తప్ప ఏమీ ఉండవు. గ్వాకమోలే, సాల్సా (టమాటా, మిరప పచ్చడి), కాల్చిన మిరపకాయలు, ఉల్లిపాయలు ఇబ్బంది లేనివి. చిప్స్ మొక్కజొన్నవే అయినా అదే నూనెలో మాంసం వేయిస్తారేమో అన్న పట్టింపు ఉన్నవారు అదీ అడగాలి.

కట్టుదిట్టంగా ఉండే పెద్దలైతే ఇంటి దగ్గర భోజనం చేయించి తీసుకువెళ్ళండి. తోటలో కూర్చుని గ్వాకమోలే, చిప్స్, నిమ్మరసంతో గడపడానికి వాళ్ళకేమీ అభ్యంతరం ఉండదు. రెస్టారెంటుకు వెళ్తూ ఇంట్లో తిని వెళ్ళడమేమిటని అల్లుళ్ళు నవ్వితే నవ్వనీయండి.

గొడ్డుమాంసం తినము. చెబితే మారుస్తారా?

ముందే చెప్పాలి. టెక్సస్‌లో 'టాకో' అని ఊరుకుంటే చాలాచోట్ల గొడ్డుమాంసం కీమానే వస్తుంది. కోడిమాంసం కావాలంటే ఆ మాట నోటితో అనాలి. ఫహీతాల విషయంలో ఇంకో జాగ్రత్త: కలిపి తెమ్మంటే రెండు మాంసాలూ ఒకే పెనం మీద వస్తాయి. విడి పెనాలు అడగండి. అసలు ఫహీతా పుట్టిందే దక్షిణ టెక్సస్ పశువుల కాపరుల దగ్గర, ఆవు పొట్ట దగ్గరి చవక ముక్కతో. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో అనే ఆవిడ తన టోర్టియా కర్మాగారం ముందుభాగంలో పది బల్లలు వేసి మొదలుపెట్టిన హోటలు దాన్ని ఊరూరా పాకించింది. కోడి ఫహీతాలు తర్వాత వచ్చి చేరినవి.

కారం ఎందుకు లేదు? మిరపకాయ పుట్టిల్లు మెక్సికోయే కదా?

పుట్టిల్లు అదే. పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి చేరిన మిరప, గుంటూరు మట్టిలో పడి అత్తవారింట్లో గడుసుతనం నేర్చుకుంది. హలపీన్యో అనే మెక్సికన్ మిరప ఘాటు, ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో, 2,500 నుంచి 8,000 దాకా ఉంటుంది. సెరానో అనే మరో మిరపది 10,000 నుంచి 23,000. గుంటూరు సన్నం 30,000 దాటుతుంది. ఆవకాయ తినే నోటికి బల్ల మీది సాల్సా టమాటా పచ్చడికి చెల్లెలిలా తోచడంలో వింత లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మెక్సికన్ వంటలో మిరప పని ఘాటు ఒక్కటే కాదు. ఎండబెట్టిన ఆంచో, పసీయాల రంగు, పొగవాసన, కొంచెం తీపి, చిరుచేదు కోసం వాటిని వాడతారు. ఎంచిలాడా గ్రేవీని కారం కోసం కాకుండా ఆ వాసన కోసం తిని చూడండి. అయినా తృప్తి కలగకపోతే వేయించిన హలపీన్యోలు గాని, పచ్చి సెరానోలు గాని విడిగా అడగండి. చాలాచోట్ల సంతోషంగా తెచ్చిపెడతారు. చేతిసంచిలోంచి కారప్పొడి డబ్బా తీయడం నేను చూశాను, తీసినవారి పేరు చెప్పను.

ఇది అసలైన మెక్సికన్ తిండేనా?

ఇది టెక్సస్ మెక్సికన్ల తిండి. టెక్సస్ 1836 దాకా మెక్సికోలో భాగమే. సరిహద్దు తమను దాటి వెళ్ళిందే తప్ప తాము సరిహద్దు దాటలేదని చెప్పుకునే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వాళ్ళకు దొరికినవి గోధుమపిండి, గొడ్డుమాంసం, పసుపుపచ్చ చీజ్. వాటితోనే వండుకున్నారు. మెక్సికోలోని వహాకా ప్రాంతపు మోలే గ్రేవీలు, యుకతాన్ ప్రాంతపు పిబిల్ మాంసం కావాలంటే వేరే చోట్లు చూసుకోవాలి. డాలస్‌లో అవీ దొరుకుతాయి. దీన్ని నకిలీ అనేవారితో మాత్రం నేను ఏకీభవించను. హైదరాబాదు బిర్యానీని పారశీక వంటకానికి నకిలీ అని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

నాచోలు కూడా సరిహద్దు బిడ్డలే. టెక్సస్‌కు నది అవతల పియెద్రాస్ నెగ్రాస్ అనే మెక్సికో ఊళ్ళో, 1940ల తొలినాళ్ళలో ఇగ్నాసియో అనయా అనే ఆయన చేతికి దొరికినవాటితో చేసిపెట్టిన చిరుతిండి అది. ఆయన ముద్దుపేరే దానికీ పేరయింది.

ఎంతసేపు ఎదురుచూడాలి? బల్ల ముందుగా బుక్ చేసుకోవచ్చా?

మామూలు కుటుంబాలకు బుకింగ్ ఉండదు, వచ్చినవారు వరసలో నిలబడాలి. పెద్ద గుంపులకు కొన్ని రోజుల్లో వీలు కల్పిస్తారు, ఫోను చేసి కనుక్కోండి. శుక్ర, శని సాయంత్రాల్లో వరస వీధి దాకా వస్తుంది. మెక్సికన్ల పండుగ మే 5, మదర్స్ డే, ఊళ్ళో రోడియో (పశువుల కాపరుల పోటీలు) జరిగే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, ఈ రోజుల్లో చంటిపిల్లలతో వెళ్ళకండి.

వరస పొడుగు చూసి బెదిరిపోనక్కరలేదు. వెయ్యి కుర్చీలున్న చోటు కాబట్టి అది చురుగ్గానే కదులుతుంది. ఇబ్బంది మరోచోట ఉంది: చుట్టాలందరూ ఒకేసారి చేరరు. ఒక కారు ఇర్వింగ్ నుంచి, ఒకటి ఫ్రిస్కో నుంచి, మరొకటి దారిలో పెట్రోలు బంకు దగ్గర. ఇలాంటి రద్దీ హోటళ్ళలో గుంపులో చాలామంది వచ్చేదాకా బల్ల ఇవ్వరు. "మావాళ్ళు వచ్చేస్తున్నారు, ఐదు నిమిషాలే" అన్న మాటకు అక్కడ విలువ లేదు, మన ఐదు నిమిషాల సంగతి వాళ్ళకూ తెలిసినట్టుంది. అందరూ ఒకచోట కలుసుకుని కలిసి రండి. వారం మధ్యలో, సాయంత్రం ఐదున్నరకు వెళ్తే నిలబడే పనే ఉండకపోవచ్చు.

తోటలో కావాలో లోపల కావాలో ముందే చెప్పండి. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో తోటను మించింది లేదు. జులై, ఆగస్టుల్లో ఎండ 38 డిగ్రీలు దాటుతుంది. అమ్మానాన్నలు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. సూర్యుడు వాలాక వెళ్ళండి, లేదా తోట చుట్టూ ఒకసారి తిప్పి పాత ఇంట్లో చల్లగా కూర్చోబెట్టండి. పాతవాళ్ళు అసలు లోపలే ఇష్టపడతారు. ఒకప్పుడు అతిథులు వంటింట్లోంచి నడిచే భోజనాల గదికి వెళ్ళేవారట.

కార్డు తీసుకుంటారా? టిప్పు ఎంత?

దశాబ్దాల పాటు నగదు మాత్రమే తీసుకున్న చోటు ఇది. తెలియక వచ్చి ఏటీఎం వెతుక్కున్నవారి కథలు ఊరంతా ఉన్నాయి. ఇలాంటి పాత హోటళ్ళకు వెళ్ళేటప్పుడు ఆ రోజు పద్ధతి కనుక్కోండి, జేబులో కొంత నగదూ ఉంచుకోండి.

ఫోర్ట్ వర్త్‌లో అమ్మకం పన్ను 8.25 శాతం. టిప్పు పన్ను కలపని మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇవ్వడం మర్యాద. వంద డాలర్లు తింటే 126, 128 డాలర్ల దాకా అవుతుంది. ఇండియా నుంచి వచ్చిన మామగారు దాన్ని రూపాయల్లోకి మార్చి లెక్కవేసే లోపు బిల్లు తీసుకోండి. టిప్పు దానం కాదని మాత్రం ఆయనకు చెప్పండి. టెక్సస్‌లో టిప్పు వచ్చే ఉద్యోగులకు యజమాని ఇవ్వవలసిన కనీస నగదు వేతనం గంటకు 2.13 డాలర్లే. మిగతా జీతం అతిథుల చేతుల్లోంచే వస్తుంది. పెద్ద గుంపులకు చాలా హోటళ్ళలో టిప్పును ముందే బిల్లులో కలుపుతారు. చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చేస్తారు.

మార్గరీటా తాగాలా?

తప్పనిసరేమీ కాదు. టెకీలాలో నిమ్మరసం కలిపిన మద్యం అది. జగ్గుల్లో వస్తుంది, తియ్యగా ఉంటుంది, ఎంత తాగామో తెలియదు. 21 ఏళ్ళు నిండినట్టు గుర్తింపు పత్రం కావాలి, నెరసిన జుట్టున్న బాబాయిలను కూడా అడగవచ్చు. కారు నడిపేవారు నిమ్మరసంతో సరిపెట్టుకోవాలి. ఐసు కట్టిన మార్గరీటాను యంత్రంలో తిప్పడం మాత్రం ఈ ప్రాంతపు సొంత ఘనత: 1971లో డాలస్‌లో మరియానో మార్టినెజ్ సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని అందుకు మలిచాడు. ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ జాతీయ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఒకరు "జీవితంలో మరచిపోలేను" అంటారు, మరొకరు "ఇందుకా ఇంత దూరం" అంటారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ. ముందు వాళ్ళు ఎలా వెళ్ళారో అడగండి. ఇద్దరే వెళ్ళి, గంట నిలబడి, గబగబా తిని వచ్చినవారు సాధారణంగా పెదవి విరుస్తారు. పెళ్ళిరోజుకో, పట్టభద్రుల పండుగకో పదిమందితో వెళ్ళి మూడు గంటలు కూర్చున్నవారు మురిసిపోతారు. తిండి ఇద్దరికీ ఒకటే వచ్చింది. ఇలాంటి ఇళ్ళలో తరతరాలుగా వచ్చే కుటుంబాలు ఉంటాయి. తాతగారి పుట్టినరోజు జరిగిన మూలలోనే మనవరాలి పుట్టినరోజు జరుపుకుంటారు. వాళ్ళు చెప్పే రుచిలో సగం జ్ఞాపకం. కొత్తగా వెళ్ళినవారి కంచంలో అది ఉండదు కనుక వాళ్ళ ఫిర్యాదూ న్యాయమే.

వడ్డించేవారి తీరు గురించిన మాటలను మాత్రం కాస్త తగ్గించి వినండి. రద్దీ శనివారం రాత్రి వెయ్యిమంది ఉన్నచోట నీళ్ళ గ్లాసు ఆలస్యం కావడం అవమానం కాదు.

ఇలాంటి పాత కుటుంబాల రెస్టారెంట్లు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో గుణం. అరిజోనాలోని టూసాన్‌లో 1922లో మోనికా ఫ్లిన్ తెరిచిన ఎల్ చార్రో కెఫే వారు మాంసాన్ని ఇప్పటికీ పైకప్పు మీద ఎండలో ఆరబెడతారు, వడియాలు పెట్టిన డాబా గుర్తొస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో 1923లో పుట్టిన ఎల్ చోలో ఉంది. శాన్ ఆంటోనియోలో 1941లో పీట్, క్రూస్ కోర్టెజ్ దంపతులు మూడు బల్లలతో మొదలుపెట్టిన మి తియెర్రా, లోపల మిఠాయి దుకాణంతో సహా, పిల్లలకు తప్పక చూపించవలసింది. కాలిఫోర్నియాలోని శాన్ బర్నార్డినోలో 1937 నాటి మిట్లా కెఫేకు ఒక చేదు ఘనత ఉంది. వీధికి అవతల హాట్‌డాగ్‌లు అమ్ముకునే గ్లెన్ బెల్ అక్కడి కరకర టాకోలు తిని, ఎలా చేస్తారో తెలుసుకుని, 1962లో టాకో బెల్ తెరిచాడు. అతని హోటళ్ళ గొలుసు ప్రపంచమంతా పాకి హైదరాబాదు దాకా వచ్చింది. మిట్లా వీధి దాటలేదు.

కుటుంబం చేతిలో ఉండటం శాశ్వతం కాదని గుర్తుంచుకోండి. డాలస్‌లో 1918లో మొదలైన ఎల్ ఫీనిక్స్‌ను మార్టినెజ్ కుటుంబం తొంభై ఏళ్ళు నడిపి 2008లో అమ్మేసింది. పేరు, బోర్డు అలాగే ఉన్నాయి. వెళ్ళాలనుకున్నది కుటుంబం కోసమైతే ఇప్పుడు ఎవరు నడుపుతున్నారో కనుక్కుని వెళ్ళండి.

పిల్లలకు విసుగు పుట్టకుండా ఏం చేయాలి?

ముందు స్టాక్‌యార్డ్స్‌కు తీసుకెళ్ళండి. రోజూ ఉదయం 11:30కు, సాయంత్రం 4కు పొడవాటి కొమ్ముల ఎద్దులను వీధిలో నడిపిస్తారు. సాయంత్రం 4కు జరిగే ఆ ఎద్దుల నడక చూసి, దుకాణాలు తిరిగి, ఐదున్నరకల్లా భోజనానికి చేరితే వరస తప్పుతుంది, ఆకలీ కుదురుతుంది.

కారు లేకుండా వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఫోర్ట్ వర్త్) విమానాశ్రయం టెర్మినల్ బి నుంచి టెక్స్‌రైల్ అనే రైలు ఎక్కి నార్త్ సైడ్ స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి టాక్సీలో కొద్ది దూరమే. డాలస్ నుంచైతే యూనియన్ స్టేషన్‌లో ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఫోర్ట్ వర్త్ సెంట్రల్ స్టేషన్‌లో దిగాలి. ఆదివారం ఆ రైలు నడవదు. తిరుగు రైలు వేళ రాసిపెట్టుకోండి.